మొదటి ఉద్యోగం పెట్రోల్ బంకులో: హైదరాబాద్ బంకుల సేవ మీద రివ్యూ

పెట్రోల్ బంకుకు రివ్యూ రాసేవాళ్లు క్యూ ఎంతుంది, గాలి మెషీను పనిచేస్తోందా, బాత్రూంకు తాళం వేశారా అని చూస్తారు. అవీ చూడాల్సినవే. అయితే మీ బండిలో లీటరుకు లీటరు పడుతుందా లేదా అన్నది తేలేది వాటి దగ్గర కాదు, షిఫ్టు దిగేటప్పుడు గన్ను పట్టిన కుర్రాడి లెక్క ఎలా కడుతున్నారన్న దగ్గర. ఉప్పల్‌లో చూసినా, మెహదీపట్నంలో చూసినా, కూకట్‌పల్లిలో చూసినా గన్ను దగ్గర నిలబడేవాళ్లలో చాలామందికి అది మొదటి ఉద్యోగం. పొద్దున డిగ్రీ కాలేజీ, సాయంత్రం నుంచి బంకు. లేదా నల్గొండ నుంచో పాలమూరు నుంచో వచ్చి, ఒకే రూములో నలుగురితో సర్దుకుని, జీతంలో సగం ఇంటికి పంపేవాడు. ఒక్క షిఫ్టులో దాదాపు లక్ష రూపాయల పరాయి సొమ్ము చేతుల మీదుగా పోయే పని ఇరవై ఏళ్లవాడికి ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు. ఆ సొమ్ముతో వాడికి నిజాయితీ అలవడుతుందా, చేతివాటం అలవడుతుందా అన్నది వాడి పెంపకం కంటే యజమాని పెట్టిన పద్ధతి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే ఈ రివ్యూలో మార్కులన్నీ ఆ పద్ధతికే.

ముందు లెక్క సంగతి. మెషీనులో ప్రతి గన్నుకూ ఒక టోటలైజర్ ఉంటుంది. బండి మీటరులో కిలోమీటర్ల అంకెలాగా అది మళ్లీ సున్నాకు రాదు, పెరుగుతూనే పోతుంది. షిఫ్టు ఎక్కేటప్పుడు ఆ రీడింగ్ రాసుకోవాలి, దిగేటప్పుడు మళ్లీ రాయాలి. తేడాలోంచి టెస్టింగ్‌కు, అంటే కొలత సరిచూడ్డానికి, తీసిన లీటర్లు తీసేస్తే మిగిలేది అమ్మకం. లెక్క కోసం ఇలా అనుకుందాం: ఎక్కేటప్పుడు 4,82,315.40, దిగేటప్పుడు 4,83,127.90. తేడా 812.50 లీటర్లు. పొద్దున టెస్టింగ్ 5 లీటర్లు పోగా 807.50. లీటరు 107.46 రూపాయలైతే కుర్రాడు చూపించాల్సింది 86,773.95 రూపాయలు. బ్యాగులో నగదు 41,200, యూపీఐ 38,460, కార్డులు 6,950. మొత్తం 86,610. తక్కువ పడింది 163.95.

ఈ నూట అరవై నాలుగు రూపాయలు ఎక్కడికి పోయాయని అడిగే బంకు ఒకటి, అడక్కుండా జీతంలో కోసే బంకు ఒకటి. రెండింటికీ బయటి నుంచి చూస్తే తేడా కనపడదు. ఒకటే బోర్డు, ఒకటే యూనిఫాం.

షార్టేజ్ చాలాసార్లు దొంగతనం వల్ల రాదు. యూపీఐలో చెల్లింపు పూర్తికాకుండా తిరుగుతూనే ఉంటుంది, వెనక పది బండ్లు హారన్ కొడుతుంటాయి, కస్టమర్ ఫోన్ చూపించి వెళ్లిపోతాడు, సౌండ్ బాక్స్ మాత్రం పలకదు. అది 150. ట్యాంక్ ఫుల్ చేస్తే 412.37 వస్తుంది, కస్టమర్ 410 ఇచ్చి కదులుతాడు. అలాంటివి ఐదారు పడితే పది పదిహేను రూపాయలు. నకిలీ ఐదొందల నోటు వస్తే ఒక్క దెబ్బకే 500. అన్నిటికంటే అన్యాయమైనది టెస్టింగ్ ఎంట్రీ మరిచిపోవడం. పొద్దున సూపర్‌వైజర్ 5 లీటర్లు కొలిచి తిరిగి ట్యాంకులో పోస్తాడు. పెట్రోలు ఎక్కడికీ పోలేదు, కానీ టోటలైజర్ తిరిగింది. రిజిస్టర్‌లో రాయకపోతే ఆ షిఫ్టులో ఉన్న కుర్రాడికి 537.30 రూపాయల షార్టేజ్ కనపడుతుంది. వాడు తీసుకోని డబ్బుకు వాడే కట్టాలి. పనిలో చేరి నెల తిరగనివాడికి టెస్టింగ్ అమ్మకంలోంచి తీసెయ్యాలని కూడా తెలియదు, అడగడానికి భయం.

కొన్ని బంకుల్లో తక్కువ పడితే కుర్రాడి జీతంలోంచి, ఎక్కువ పడితే యజమాని గల్లాలోకి. ఇది చాలా పాత పద్ధతి, చాలా చెడ్డ పద్ధతి. రెండోసారి కోత పడ్డాక వాడు ఏం నేర్చుకుంటాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ప్రతి బండి దగ్గరా రెండు రూపాయల చిల్లర ఎగ్గొట్టి, రేపటి షార్టేజ్‌కు ముందే కొంత దాచుకుంటాడు. మొదట్లో అది భయం. నెల తిరిగేసరికి రోజుకు ఇంతని ఒక అంకె కుదురుతుంది, అప్పుడది అలవాటు. తర్వాత ఇంకే పనిలో చేరినా వాడితోపాటే వస్తుంది. జీతాల చట్టం చెప్పేది మాత్రం వేరు: అప్పగించిన సొమ్ము నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, కోసేముందు అతను చెప్పేది వినాలి. షిఫ్టు కాగితం కింద కుర్రాడి సంతకంతోపాటు కారణం రాసే గడి ఉంటే, ఎక్కువ పడిన డబ్బును కూడా తేదీ వేసి రాసే రిజిస్టర్ ఉంటే ఆ బంకుకు మేం సగం మార్కులు అక్కడే వేసేస్తాం. సాయంత్రం నాలుగొందలు ఎక్కువ వచ్చాయని వాడే చెప్పగలిగితే, మర్నాడు ఎక్కువ ఇచ్చానంటూ వచ్చిన కస్టమర్‌కు లెక్క కూడా కుదురుతుంది.

బాగా నడిచే చోట కొత్తవాణ్ని ఒంటరిగా వదలరు. మొదటి వారం సీనియర్ పక్కన నిలబెట్టి, డబ్బు ముట్టుకోనివ్వకుండా గన్ను ఒక్కటే ఇస్తారు. నేర్పేది ఒకటే వరస: అడిగిన మొత్తాన్ని పైకి అనాలి ("ఐదొందలు, పెట్రోల్, మామూలుదే కదా సార్?"), మెషీన్‌లో కొట్టాలి, "జీరో చూసుకోండి" అని కస్టమర్ తల తిప్పేదాకా ఆగాలి, అప్పుడే ట్రిగ్గర్ నొక్కాలి. ఆ ఆగడమే కష్టమైన భాగం. రద్దీలో ఎవ్వరూ ఆగరు. రెండో వారం బ్యాగు ఇస్తారు. బ్యాగులో ఐదు వేలో పది వేలో చేరగానే ఆఫీసులో కట్టి చీటీ తీసుకోవాలి. దొంగల భయం ఒకటే కాదు కారణం. గంటగంటకూ కడితే తేడా ఏ గంటలో వచ్చిందో తెలుస్తుంది, పన్నెండు గంటల అమ్మకం మొత్తం వెతకాల్సిన పని ఉండదు. చీటీ ఇవ్వకుండా డబ్బు తీసుకునే మేనేజర్ ఉన్నచోట పిల్లల్ని చేర్చకండి. ఐదొందల నోటు చూడ్డం కూడా అప్పుడే నేర్పాలి: నోటు వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారాలి, రెండంచుల్లో ఐదేసి గీతలు గోటికి తగలాలి.

ఇక కస్టమర్ వైపు నుంచి. హైదరాబాద్‌లో ఎక్కువగా వినపడే మోసానికి మెషీన్‌లో ఏమీ మార్చక్కర్లేదు. మీరు వెయ్యి అంటారు, వాడు 200 దగ్గర ఆపుతాడు. "అయ్యో, రెండొందలనుకున్నా, మిగతా ఎనిమిదొందలు కొడతా" అంటాడు. ఈలోగా ఇంకొకడు వచ్చి కార్డా, ఫోనా అని అడుగుతాడు, మీరు అటు తిరుగుతారు. మీటరు సున్నాకు రాకుండానే 200 నుంచి మొదలై 800 దగ్గర ఆగుతుంది. ట్యాంకులో పడింది మొత్తం 800, మీరు కట్టేది వెయ్యి. విరుగుడు చిన్నదే: మధ్యలో ఆగితే మొదటి 200కు బిల్లు అడగండి, రెండోది సున్నా నుంచి మొదలైతేనే ఒప్పుకోండి. ఇద్దరు కలిస్తే తప్ప కుదరని మోసం ఇది. కొత్త కుర్రాడికి ఇది ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది, నేర్పేవాడు సాధారణంగా వాడికంటే సీనియర్.

దీనికంటే పెద్దది మెషీన్ లోపలి చిప్పు. 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బంకుల మెషీన్లలో ఇలాంటివి అమర్చింది. డిస్‌ప్లే మీద లీటరు చూపిస్తుంది, పడేది తక్కువ. గన్ను పట్టిన కుర్రాడు ఇది చెయ్యలేడు. దానికి మెషీన్ విప్పాలి, సీలు దాటాలి, యజమానికో మేనేజర్‌కో తెలియకుండా జరగదు. వంద బదులు నూటపది కొట్టించుకుంటే మోసపోరని వాట్సాప్‌లో తిరిగే సలహా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. చిప్పు లీటర్ల మీద పనిచేస్తుంది, మీ రూపాయల అంకె మీద కాదు. తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్నదీ అలాంటిదే. ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పగటికీ రాత్రికీ దాని చల్లదనం పెద్దగా మారదు.

అనుమానం వస్తే 5 లీటర్ల జార్‌తో కొలిచి చూపించమని అడగడం మీ హక్కు. ఆ జార్ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ముద్ర తేదీ చూడండి. ఎక్కువమంది అడిగి కూడా తప్పుగా కొలిపించుకుంటారు. పొడి జార్‌లో నేరుగా పోస్తే గోడలకు కొంత అంటుకుని కొలత తక్కువ చూపిస్తుంది. అందుకే ముందొకసారి నింపి, ఒంపేసి, అర నిమిషం బోర్లించి, చుక్కలు ఆగాక అసలు కొలత మొదలుపెట్టాలి. జార్ చదునైన నేల మీద ఉండాలి. డ్రైనేజీ కోసం ఏటవాలుగా వేసిన సిమెంటు మీద పెడితే మెడ దగ్గర గీత ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనపడుతుంది. నురగ దిగేదాకా ఆగి, వంగి, కంటికి సమంగా పెట్టుకుని చదవాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు అనుమతి ఉంది. డబ్బుల్లో అది రెండు రూపాయల డెబ్బై పైసల లోపే. మైనస్ 20 చూపిస్తే చట్టం ఊరుకుంటుంది. ఏ గన్ను పట్టుకున్నా, ఎప్పుడు కొలిచినా మైనస్ 20 దగ్గరే ఉండే బంకును మాత్రం మనం గుర్తుపెట్టుకోవచ్చు. ఇక్కడ చూడాల్సింది జార్ ఒక్కటే కాదు. అడగ్గానే కుర్రాడు జార్ తెచ్చాడా, లేక "మేనేజర్ లేడు సార్" అన్నాడా? మొదటివాడికి ఎవరో చెప్పి ఉంచారు, అడిగితే చూపించమని. రెండోవాడికీ చెప్పి ఉంచారు.

నాణ్యత దగ్గరికొస్తే ఫిల్టర్ పేపర్ అందరికీ తెలిసిందే. గన్ను మూతి తుడిచి కాగితం మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, నూనె మరక మిగలకూడదు. లేత గులాబీ రంగు మిగిలితే కంగారు పడక్కర్లేదు, అది పెట్రోల్‌లో కలిపే రంగుది. ఈ పరీక్ష కిరోసిన్, డీజిల్ లాంటి బరువైన కల్తీనే పట్టిస్తుంది, నీళ్లను కాదు. డెన్సిటీ (ఘనమీటరుకు ఎన్ని కిలోలన్నది) బోర్డు మీద రాసిన అంకె 15 డిగ్రీల దగ్గరిది. పెట్రోల్‌కు అది 720 నుంచి 775 మధ్య ఉండాలి. మే నెలలో 38 డిగ్రీల ఎండలో హైడ్రోమీటర్ ముంచితే 725 చూపించవచ్చు, పట్టిక చూసి 15 డిగ్రీలకు మారిస్తే అదే దాదాపు 745 అవుతుంది. నేరుగా చూసిన అంకెను బోర్డుతో పోల్చి కల్తీ అని గొడవ పెట్టుకున్నవాళ్లున్నారు. ట్యాంకర్‌తోపాటు వచ్చిన చలాన్‌లోని డెన్సిటీకి మార్చిన అంకె 3 కంటే ఎక్కువ తేడా ఉంటేనే అనుమానించాలి.

వానాకాలంలో అసలు సమస్య నీళ్లు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు ట్యాంకు మూత సీలు సరిగా లేకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. కొంతవరకు కలిసిపోతాయి, హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. గన్ను లాగేది అడుగు నుంచే. బండి బయటికి వచ్చిన కిలోమీటరు లోపే ఆగిపోతుంది. డిప్ రాడ్ చివర నీటి పేస్ట్ రాసి ట్యాంకులో దించితే నీళ్లు తగిలినంతమేర రంగు మారుతుంది. పాత పేస్ట్ ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు సరిగా పనిచేయదు, దానికి తగినదే వాడాలి. పెద్ద వాన పడ్డాక డిప్ కొట్టకుండా అమ్మకం మొదలుపెట్టమనే మేనేజర్ కింద పనిచేసే కుర్రాడికి ఇంకేం నేర్పినా దండగ. రంగు మారిందని వాడు చెబితే అమ్మకం ఆగుతుందా లేదా, అదొక్కటే ప్రశ్న.

చంచల్‌గూడలో జైళ్ల శాఖ నడిపే బంకు గురించి చెప్పకుండా హైదరాబాద్ బంకుల రివ్యూ పూర్తి కాదు. అక్కడ శిక్ష అనుభవిస్తున్నవాళ్లు, విడుదలై బయటికొచ్చినవాళ్లు పనిచేస్తారు. కొలత సరిగ్గా ఉంటుందని ఊళ్లో దానికి పేరుంది, క్యూ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. నేరం చేసినవాడి చేతికే డబ్బు సంచి ఇచ్చారని నవ్వేవాళ్లు ఒక విషయం గమనించరు. అక్కడ తక్కువ కొలిచి మిగుల్చుకుంటే ఆ మిగులు ఏ ఒక్క యజమాని జేబులోకీ పోదు, కాబట్టి పైనుంచి ఆ ఒత్తిడి ఉండదు. బయటికొచ్చాక పని ఇచ్చేవాడు దొరకని మనిషికి ఒక రకంగా అది మళ్లీ మొదటి ఉద్యోగమే.

రద్దీ రోజు ఇంకో పరీక్ష. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మెతో నగరంలో బంకుల ముందు కిలోమీటరు క్యూలు పడ్డాయి. చంచల్‌గూడ వైపే ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన వీడియో గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున ప్లాస్టిక్ సీసాలో పొయ్యమని, పైన యాభై తీసుకోమని బతిమాలేవాళ్లు వస్తారు. సీసాల్లో పొయ్యకూడదు, అది నిబంధన. వద్దనే ధైర్యం కుర్రాడికి రావాలంటే గన్ను పక్కన సూపర్‌వైజర్ నిలబడి ఉండాలి, ఏసీ గదిలో కూర్చుని కెమెరాలో చూడ్డం కాదు.

మామూలు రోజుల్లో చికాకు పెట్టేవి చిన్నవి. అడక్కుండా ప్రీమియం పెట్రోల్ గన్ను పెట్టడం, ఇంజిన్ క్లీనర్ సీసా మూత తీసేసి "వేసేశా సార్" అనడం. సీసాకు ఇంతని కమిషన్ పెట్టినచోటే ఇది ఎక్కువ. గాలి ఉచితం, నీళ్లు ఉచితం. గాలి కొట్టే అబ్బాయి పదో పరకో అడిగితే వాడికి అసలు జీతం ఉందో లేదో కనుక్కోండి. కొన్నిచోట్ల ఉండదు. ట్యాంకు నిండి గన్ను దానంతటదే ఆగాక (ఆటో కట్) రౌండ్ ఫిగర్ కోసం ఇంకా నొక్కనివ్వకండి, పైకి పొంగితే మీ ట్యాంకు పెయింట్‌కూ మంచిది కాదు.

అబ్బాయిని బంకులో చేర్చాలనుకునే తల్లిదండ్రులకు: 18 దాటాలి. 2016లో మారిన బాల కార్మిక చట్టం ప్రకారం మండే పదార్థాల దగ్గర అంతకంటే చిన్నవాళ్లను పనికి పెట్టకూడదు. చేరే ముందు మేనేజర్‌ను అడగాల్సినవి మూడు. షిఫ్టు రీడింగ్ వాడి ముందే తీస్తారా? కట్టిన ప్రతిసారీ చీటీ ఇస్తారా? పోయిన నెల షార్టేజ్ కింద ఎవరెవరికి ఎంత కోశారు? మూడోదానికి "అదంతా మేం చూసుకుంటాం" అన్న జవాబు వస్తే ఇంకో బంకు చూసుకోవచ్చు, నగరంలో వాటికి కొదవ లేదు.

ఫిర్యాదు చేయాలంటే ముందు ప్రింట్ బిల్లు చేతిలో ఉండాలి. గన్ను నంబరు, సమయం, లీటర్లు, రేటు అందులోనే ఉంటాయి, అది లేకుండా ఎవరికి చెప్పినా మాట గాల్లో పోతుంది. బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉండాలి, అడిగితే ఇవ్వాలి. కొలత మీద అయితే తూనికలు కొలతల శాఖకు, నాణ్యత మీద అయితే బోర్డు మీద రాసి ఉండే ఆయిల్ కంపెనీ అధికారికి. ఎటూ తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రాసేటప్పుడు గన్ను పట్టిన కుర్రాడి పేరు కాదు, గన్ను నంబరు రాయండి.